పానా మనది, స్కానరు ఎవరిది?

మా వాడలో ఒక కుర్రాడున్నాడు. పదో తరగతి లెక్కల్లో తప్పాడు. తప్పినోడికి మా ఊళ్ళో రెండే దారులు. మిరప కోతలకి పోవాలి, లేకపోతే టౌనుకి పోయి షెడ్డులో చేరాలి. వీడు షెడ్డులో చేరాడు. ఎనిమిదేళ్ళయింది. గ్యాసు బండ్ల పని వాడి చేతికి బాగా వచ్చిందని టౌనులో డ్రైవర్లందరూ చెప్తారు. జీతం మాత్రం ఇప్పటికీ హెల్పరు జీతమే.

ఒక రాత్రి వాడు మా ఇంటికొచ్చి ఫోనులో ఒక ఫోటో చూపించాడు. 'మాస్టారూ, ఈ ఇంగ్లీషుకి అర్థం చెప్పండి' అన్నాడు. షెడ్డులో స్కానరు తెర మీద కనపడింది ఓనరు చూడకుండా ఫోటో తీశాడంట. 'పీ 0171, సిస్టమ్ టూ లీన్' అని ఉంది. నాకు ఇంజన్ల సంగతి ఏమీ తెలియదు. లీన్ అంటే బక్క, పలచన అని మాత్రం తెలుసు. 'లోపల కలిసే మిశ్రమం పలచగా ఉందంట్రా. గాలి ఎక్కువై గ్యాసు తక్కువైందేమో' అన్నాను. వాడు తొడ మీద చరుచుకున్నాడు. 'నేను చెప్పింది అదే కదా మాస్టారూ!'

జరిగింది ఇది. మనోడే ఒకాయన, పెట్రోలు మీదా గ్యాసు మీదా నడిచే చిన్న ట్రాలీ బండి ఫైనాన్సులో తీసుకున్నాడు. గ్యాసు మీద పికప్ లేదు, మిస్సింగ్ కొడుతోంది, ఇంజను లైటు వెలుగుతోంది. షెడ్డుకి తెచ్చాడు. ఓనరు స్కానరు తగిలించి, తెర తన వైపు తిప్పుకుని, ఆక్సిజన్ సెన్సారు పోయిందన్నాడు. సెన్సారు మార్చారు. డబ్బు కట్టించుకున్నారు. మూడో రోజుకి లైటు మళ్ళీ వెలిగింది. మన కుర్రాడు ఓనరుతో, 'పెట్రోలు మీద బండి శుభ్రంగా నడుస్తోంది కదండీ. రెండిటికీ సెన్సారు ఒకటే కదా. సెన్సారు చెడితే రెండిటి మీదా తేడా రావాలిగా. గ్యాసు ఫిల్టరు చూద్దాం' అన్నాడు. 'ఒరేయ్, నువ్వు పానా పట్టుకో, బుర్ర నేను పట్టుకుంటా' అన్నాడంట ఓనరు.

చివరికి ఫిల్టరు విప్పితే నల్లటి నూనె జిడ్డు. అది మార్చాక బండి బాగుపడింది. ఈలోపు ఆ బండాయనకి అక్కరలేని సెన్సారు ఖర్చు, నాలుగు రోజుల బాడుగ నష్టం, ఒక నెల కిస్తీ ఆలస్యం. పనోడూ మనోడే, నష్టపోయినోడూ మనోడే. మధ్యలో స్కానరు మాత్రం మనది కాదు.

అన్నలారా, అక్కలారా! ఆ రాత్రి నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. వాడి చేతిలో పని ఉంది. నా నోట్లో రెండు ఇంగ్లీషు ముక్కలున్నాయి. చెరో సగం విద్య పెట్టుకుని, ఒకే వాడలో, రెండు వీధుల అవతల బతుకుతున్నాం. ఆ రెండు సగాలూ కలవకుండా మధ్యలో నిలబడ్డవాడే ఓనరు.

నా తప్పు కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. వెనక బెంచీలో ఉన్న ఇదే కుర్రాడితో, క్లాసులో అందరూ వింటుండగా, 'చదవకపోతే షెడ్డులో పానాలు తుడుచుకుంటావ్ రా' అన్నవాణ్ణి నేనే. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేను. ఆ డిగ్రీ నా చేతికి మసి అంటకుండా చేసింది. మసి అంటిన చేతిని తక్కువగా చూడటం కూడా దానితోపాటే నేర్చుకున్నానని ఇన్నాళ్ళూ గమనించలేదు.

తాత విద్య ఎట్లా పోయింది

మా తాత మోట తొండాలు కుట్టేవాడు. తోలుని సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసి, ఆరెతో కుట్టి, నీళ్ళు పోసి ఎక్కడ కారుతుందో వేలితో తడిమి చూసేవాడు. ఏ తోలుకి ఎన్ని రోజులు, ఏ కుట్టు ఎంత బరువు ఆపుతుంది, అన్నీ ఆయనకి తెలుసు. ఇదంతా శాస్త్రమే. కానీ ఊరు దాన్ని అంటు అన్నది. ఆ తొండం పోసిన నీళ్ళతో పండిన పంట అంటు కాలేదు, తొండం కుట్టిన మనిషి అంటు అయ్యాడు.

తరవాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి. మోట పోయింది. మోటతోపాటు తాత విద్యా పోయింది. ఇంజను ఆసామి చేలోకి వచ్చింది గానీ, ఇంజను బాగుచేసే విద్య మా లంద దాకా రాలేదు. పనిముట్టు మారిన ప్రతిసారీ మనం కిందికే జారాం. మన చేతులకి తెలివి లేక జారలేదు. కొత్త పనిముట్టు తాలూకు కాగితం, పెట్టుబడి, భాష ముందే ఇంకొకళ్ళ చేతిలో ఉన్నాయి కాబట్టి జారాం.

ఇప్పుడు షెడ్డుల్లో అదే మలుపు వచ్చింది. మొన్నటిదాకా కార్బురేటరు. చెవి పెట్టి ఇంజను చప్పుడు విని, స్క్రూ పావు తిప్పు తిప్పితే బండి దారిలో పడేది. చెవి, చెయ్యి ఉన్నవాడే మేస్త్రీ. మన పిల్లలు, ముస్లిం పిల్లలు, బీసీ పిల్లలు ఎందరో బడి మొహం చూడకుండానే పేరున్న మేస్త్రీలయ్యారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ 6 నిబంధన వచ్చాక కొత్త బండి ఏదైనా కంప్యూటరు పెట్టె లేకుండా లేదు. ఆ పెట్టెతో మాట్లాడాలంటే స్కానరు కావాలి. స్కానరు చెప్పింది చదవాలంటే ఇంగ్లీషు కావాలి. కొన్ని పనులకి కంపెనీ పాస్‌వర్డు కూడా కావాలి. తాతకి ఆయిల్ ఇంజను ఎట్లాగో, మనవడికి ఈ పెట్టె అట్లాగే వచ్చి కూర్చుంది.

గ్యాసు బండి లోపల ఏముంది

ఈ విద్య బ్రహ్మవిద్య కాదు. ఆ కుర్రాడు నాకు చెప్పింది, నేను పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నది ఇక్కడ రాస్తున్నా. వాడలో చదివి వినిపించండి.

సీఎన్జీ అంటే ఎక్కువ భాగం మీథేను. సిలిండరులో దాన్ని 200 బార్ ఒత్తిడితో కుక్కుతారు. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్ పైచిలుకు. అంటే సీటు కింద ఉన్నది టైరు ఒత్తిడికి దాదాపు తొంభై రెట్లు. ఆ గ్యాసు ఉక్కు గొట్టంలోంచి, ఫిల్టరులోంచి రెగ్యులేటరుకి వస్తుంది. రెగ్యులేటరు ఒత్తిడి బాగా తగ్గించి ఇంజనుకి పంపిస్తుంది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే గ్యాసు చల్లబడుతుంది. అందుకే కార్లు, ట్రాలీల రెగ్యులేటరుకి రేడియేటరు వేడినీళ్ళు తిప్పుతారు. ఆ నీళ్ళు తగ్గితే రెగ్యులేటరు మంచు పట్టి బండి ఆగుతుంది. తెలియనివాడు రెగ్యులేటరే మారుస్తాడు, తెలిసినవాడు ముందు నీళ్ళు చూస్తాడు.

అక్కణ్ణించి ఇంజెక్టర్లు. ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరవాలో కంప్యూటరు పెట్టె చెప్తుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. కిలో మీథేనుకి 17 కిలోల పైన కావాలి. ఈ లెక్క తప్పకుండా చూసేందుకే పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సారు పెట్టారు. పొగలో ఆక్సిజన్ ఎక్కువ మిగిలితే మిశ్రమం పలచన అని అది పెట్టెకి కబురు చేస్తుంది. పెట్టె గ్యాసు పెంచి చూస్తుంది. ఎంత పెంచినా సరిపోకపోతే లైటు వెలిగించి పీ 0171 అని రాసిపెడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. కబురు తెచ్చింది సెన్సారు. పలచన ఎందుకైందో అది చెప్పలేదు. దాన్నే పీకి పారేయడం, చావు కబురు తెచ్చిన పోస్టుమ్యానుని కొట్టినట్టు ఉంటుంది. గ్యాసు తక్కువ కావడానికి కారణాలు చాలా ఉన్నాయి. బంకులో కంప్రెసరు నూనె గ్యాసుతో వచ్చి ఫిల్టరుకి అడ్డం పడొచ్చు. అదే జిడ్డు ఇంజెక్టరుకి పట్టొచ్చు. సిలిండరు వాల్వు పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. రెగ్యులేటరు నీరసించి ఉండొచ్చు. ఇంజనులోకి పోయే గాలి గొట్టం పగిలి దొంగగాలి లాగుతూ ఉండొచ్చు. సెన్సారుకి ముందు పొగగొట్టం చిల్లిపడినా బయటి గాలి కలిసి సెన్సారు మోసపోవచ్చు.

పద్ధతి ఏంటంటే, ఖర్చులేనివి ముందు, ఖర్చయ్యేవి చివర. బండిని పెట్రోలు మీద నడిపి చూడు. బాగుంటే తేడా గ్యాసు వైపు ఉంది. రెండిటి మీదా తేడా ఉంటే ప్లగ్గు, కాయిలు, గాలి గొట్టం చూడు. గ్యాసు అంటుకోవడానికి పెట్రోలు కన్నా గట్టి మెరుపు కావాలి. అందుకే ప్లగ్గు అరిగితే ముందు గ్యాసు మీదే మిస్సింగ్ వస్తుంది. ఇదంతా మన కుర్రాడి బుర్రలో ఉన్నదే. 'బుర్ర నేను పట్టుకుంటా' అన్నవాడి బుర్రలో లేనిది కూడా ఇదే.

బండి కింద పడుకునేది ఎవరు

ఈ పనిలో ప్రాణం మీదికొచ్చే భాగం సిలిండరు నుంచి రెగ్యులేటరు దాకా ఉన్న దారి. అక్కడ బండి కింద పడుకునేది హెల్పరు కుర్రాడే. సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టేది మాత్రం ఇంకొకాయన.

కాబట్టి ప్రతి కుర్రాడికీ కొన్ని సంగతులు నోటికి రావాలి. ఒత్తిడి ఉండగా జాయింటు వదులు చెయ్యకూడదు. ముందు సిలిండరు వాల్వు కట్టాలి, గొట్టంలో ఉన్న గ్యాసు అయిపోవాలి, తరవాతే పానా. లీకు చూడటానికి సబ్బు నురగ, బుడగ వస్తే లీకు. అగ్గిపుల్ల గీసి చూడటం అంటే చావుని పేరు పెట్టి పిలవడమే. మీథేను గాలి కన్నా తేలిక, పైకి పోతుంది. షెడ్డు రేకుల కింద చేరుతుంది. అందుకే పైన గాలి పోయే దారి ఉండాలి. వంట గ్యాసు అట్లా కాదు, బరువు, నేల మీద పరుచుకుంటుంది. రెండూ ఒకటే అనుకున్నవాడు ఏదో ఒక రోజు మోసపోతాడు. గాలిలో మీథేను నూటికి 5 నుంచి 15 పాళ్ళు ఉంటే నిప్పురవ్వ చాలు. వెల్డింగు పెట్టే చోట గ్యాసు బండి విప్పకూడదు.

సిలిండరుకి మూడేళ్ళకొకసారి హైడ్రో టెస్టు చేయించాలని నిబంధన. బండి మీద ఉన్న రేకు ముక్కలో ఆ తేదీ ఉంటుంది. మన డ్రైవర్లలో ఎంతమంది ఆ తేదీ చదివారు? టెస్టుకి డబ్బు కావాలి, బండి ఆగితే కూలి పోతుంది. నాకు తెలుసు. కానీ పాత సిలిండరు, దొంగ సర్టిఫికెట్టు, వేరే గ్యాసు సిలిండరుని సీఎన్జీకి వాడటం ఈ మూడింటిలో ఏది చేసినా వెనక సీట్లో కూర్చున్న బడిపిల్లల ప్రాణం పణంగా పెట్టినట్టే. పేదరికం దీనికి సాకు కాదు. మనం మనకే చెప్పుకోవాల్సిన మాట ఇది.

ఈ గ్యాసు కూడా ఎక్కడిదో కాదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో మన కాళ్ళ కింద ఉన్నదే. 1995 జనవరిలో కోనసీమలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా కాలిపోయారు. గ్యాసు తాలూకు మంట ఊళ్ళకి ఇవ్వగలిగిన వ్యవస్థ, గ్యాసు తాలూకు విద్య ఎందుకు ఇవ్వదు?

'మళ్ళీ మసి పనేనా?'

మనలో చదువుకున్నవాళ్ళు ఒక మాట అంటారు. 'మన పిల్లలు కలెక్టర్లు, డాక్టర్లు కావాలి గానీ మళ్ళీ మసి పనికి పొమ్మంటావా?' అని. ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. తరతరాలు మనకి మసి, మురికి రాసిపెట్టినవాళ్ళు, ఇప్పుడు వృత్తి విద్య పేరుతో మళ్ళీ అదే అంటగడతారేమోనని భయం. ఆ భయం నాకూ ఉంది.

కానీ కులవృత్తి వేరు, విద్య వేరు. పుట్టుకతో అంటగట్టేది, వదలడానికి వీల్లేనిది, పైకి ఎదగనివ్వనిది కులవృత్తి. తెలిసి నేర్చుకునేది, ఇంకొకరికి నేర్పగలిగేది, గౌరవం, కూలి రెండూ అడిగేది విద్య. ఎనిమిదేళ్ళు పనిచేసినోణ్ణి హెల్పరుగానే ఉంచితే అదే షెడ్డు కులవృత్తి అవుతుంది. వాడి చేతికి స్కానరు, సర్టిఫికెట్టు వస్తే విద్య అవుతుంది. తేడా మసిలో లేదు, అధికారంలో ఉంది.

బాబాసాహెబ్ ఈ తేడా బాగా ఎరుగును. 1942లో వైస్రాయి కౌన్సిల్లో ఉన్నప్పుడు ప్రభుత్వానికి ఇచ్చిన విన్నపంలో ఆయన ఉద్యోగాల్లో వాటాతో ఆగలేదు. సైన్సు, సాంకేతిక చదువులకి స్కాలర్‌షిప్పులు అడిగారు. ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లల్ని అప్రెంటిసులుగా తీసుకోవాలని అడిగారు. విదేశాల్లో చదివిన మహా పండితుడు రైల్వే వర్క్‌షాపు గురించి ఎందుకు అడిగాడు? కొత్త యంత్రం ఎవరి చేతిలో ఉంటే రేపటి ఊరు వాళ్ళ చేతిలో ఉంటుందని ఆయనకి తెలుసు కాబట్టి.

చెయ్యాలనుకుంటే ప్రభుత్వం చెయ్యలేనిది కాదు ఇది. 1998 జూలైలో సుప్రీంకోర్టు ఢిల్లీ బస్సులన్నీ గ్యాసుకి మారాలంది. ఎన్ని గొడవలు జరిగినా 2002 చివరికల్లా మారాయి. నాలుగేళ్ళలో ఒక మహానగరం బస్సులు మార్చగలిగినవాళ్ళకి, ఒక జిల్లాలో కుర్రాళ్ళకి స్కానరు చదవడం నేర్పడానికి ఎన్నేళ్ళు కావాలి?

మనం అడగాల్సినవి, చెయ్యాల్సినవి

1. ప్రభుత్వ ఐటీఐల్లో మోటారు మెకానిక్ ట్రేడు ఉంది. ప్రతి ఐటీఐలోనూ నడిచే గ్యాసు బండి, స్కానరు, ఒత్తిడి చూసే గేజీలు ఉండాలి. బొమ్మ గీసి చూపిస్తే ఇంజను రాదు. పాఠం తెలుగులో చెప్పాలి.

2. షెడ్డులో పని నేర్చినవాడికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి కేంద్రం నైపుణ్య పథకంలో 2015 నుంచి ఉంది. అది మన కుర్రాళ్ళ దాకా రావాలి. పదో తరగతి తప్పాడని తలుపు మూయకూడదు.

3. ఎస్సీ కార్పొరేషన్ రుణం బండికే కాదు, బండి బాగుచేసే షెడ్డుకి కూడా ఇవ్వాలి. పదిమంది కుర్రాళ్ళు కలిసి పెట్టుకునే షెడ్డుకి పనిముట్లు ఇవ్వాలి. బండి ఇచ్చి విద్య ఇవ్వకపోతే ఆ సబ్సిడీ డబ్బు చివరికి ఓనరు గల్లాపెట్టెలోకే పోతుంది.

4. షెడ్డు ఓనర్లు పనిచేసేవాళ్ళకి ప్రమాద బీమా, కళ్ళద్దాలు, పైన గాలి పోయే దారి, రాతపూర్వకంగా జీతం ఇవ్వాలి. డ్రైవర్ల సంఘాలు, హెల్పర్లు కలిసి అడిగితే తప్ప ఇది జరగదు.

5. మనం చెయ్యాల్సింది. చదువుకున్న ప్రతివాడూ ఆదివారం ఒక గంట ఇవ్వాలి. కమ్యూనిటీ హాలు ఉంది, అంబేద్కర్ బొమ్మ దగ్గర అరుగు ఉంది. ఇంగ్లీషు తెలిసినవాడు కోడు చదవాలి, పని తెలిసినవాడు దానికి అర్థం చెప్పాలి.

మా వాడలో ఐదో సంగతి మొదలైంది. ఫోనుకి కలుపుకునే చిన్న స్కానరు ఒకటి కుర్రాళ్ళు చందా వేసుకుని కొన్నారు. కంపెనీ తాళం వేసిన పనులు అది చెయ్యలేదు, కోడు మాత్రం చదువుతుంది. ఒక రెండొందల పేజీల నోటుబుక్కులో కోడు, దాని తెలుగు అర్థం, చూడాల్సిన వరస రాస్తున్నాం. మొదటి పేజీలో పీ 0171. దాని కింద ఆ కుర్రాడు తన చేత్తో రాశాడు, 'ముందు ఫిల్టరు చూడు'. అక్షరాలు వంకరగా ఉన్నాయి. నేను దిద్దలేదు.

ఓనరు ఇంకా స్కానరు తన వైపే తిప్పుకుంటున్నాడు. కుర్రాడి జీతం ఇంకా పెరగలేదు. అడగడానికి డ్రైవర్లతో కలిసి వచ్చే వారం పోతున్నాం. రేపు కరెంటు ఆటోలు ఇంకా పెరుగుతాయి, అప్పుడు మళ్ళీ కొత్త పెట్టె వస్తుంది. అది వచ్చేనాటికి మనం బండి కింద మాత్రమే ఉండకూడదు, తెర ముందు కూడా ఉండాలి. మీ వాడలో ఏ కుర్రాడు ఏ షెడ్డులో ఉన్నాడో ముందు ఒక లెక్క రాయండి. ఆ లెక్క ఈ పత్రికకి పంపండి.

జై భీమ్.